కాలేజీలో సేఫ్టీ అవగాహన: పోస్టర్ల కంటే ముందు బాత్రూమ్ గడియ బిగించండి

మేడమ్, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ప్రిన్సిపాల్ గారు మిమ్మల్ని హెల్త్ అండ్ సేఫ్టీ కమిటీ కన్వీనర్‌గా వేశారు. మీరు అన్ని బ్లాకుల్లో పోస్టర్లు అంటించారు, డాక్టరు గారిని పిలిచి సెమినార్ పెట్టించారు, వ్యాసరచన పోటీ కూడా జరిపారు. పిల్లలేమో సెమినార్‌లో ఫోన్లు చూసుకున్నారు, స్టాఫ్‌లో సగం మంది రాలేదు, వచ్చినవాళ్లు వెనక వరసలో కూర్చుని మిడ్ పేపర్లు దిద్దుకున్నారు. ఇంకేం చేస్తే వీళ్లకి పట్టింపు వస్తుంది, దానికి బడ్జెట్ ఎలా అని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. ప్రచారం కొన్నాళ్లు పక్కన పెట్టండి. ముందు రిపేర్లు, తర్వాత డ్రిల్ (మంట వచ్చినట్టే అందరినీ బయటికి తెచ్చి చూసే సాధన), ఆ తర్వాతే మాటలు. మొదలుపెట్టాల్సింది కూడా పిల్లలతోనో లెక్చరర్లతోనో కాదు. వాచ్‌మన్, అటెండర్లు, ఆయాలు, మెస్‌లో వంటవాళ్లు, బస్సు డ్రైవర్లు, ఎలక్ట్రీషియన్, ముందు వీళ్లతో కూర్చోండి. ఏదైనా జరిగితే మొదట అక్కడ ఉండేది వీళ్లే, మన శిక్షణల్లో చివరికి కూడా పేరు లేనిది వీళ్లకే.

నేను కొన్నేళ్లు ఒక ఫార్మా ప్లాంట్‌లో సేఫ్టీ డిపార్ట్‌మెంట్‌లో చేసి, తర్వాత కెమిస్ట్రీ చెప్పడానికి ఇంజనీరింగ్ కాలేజీకి వచ్చాను. "మీకు ఫ్యాక్టరీ అనుభవం ఉంది కదా సార్" అని ఇప్పుడు మీరున్న కుర్చీలోనే కూర్చోబెట్టారు. ప్లాంట్‌లో సేఫ్టీ మాట వినకపోతే గేటు బయటే నిలబెట్టేవాళ్లం. కాలేజీలో ఆ అధికారం ఉండదు, ఎవరి జీతమూ మన చేతిలో లేదు, ఎవరి అటెండెన్సూ మన చేతిలో లేదు. ఇక్కడ చెల్లేది నమ్మకం ఒక్కటే.

ఆ నమ్మకం ఎలా వస్తుందో ఒక సంగతి చెప్తాను. మా దగ్గరికి ఒక గైనకాలజిస్ట్ గారు వచ్చి అమ్మాయిలతో మాట్లాడారు. నీళ్లు బాగా తాగాలి, యూరిన్ ఆపుకోకూడదు, ఆపుకుంటే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి అని ఓపిగ్గా చెప్పారు. ప్రశ్నలుంటే అడగండమ్మా అంటే ఒక్కరూ లేవలేదు. పేరు రాయకుండా చీటీ ఇవ్వండి అనేసరికి బల్ల మీద కుప్ప పడింది. సగానికి పైగా చీటీల్లో ఒకటే మాట: సెకండ్ ఫ్లోర్ బాత్రూమ్ తలుపుకి గడియ లేదు, ఒకరు లోపలికి వెళ్తే ఇంకొకరు బయట తలుపు పట్టుకుని నిలబడాలి, మధ్యాహ్నం దాటితే కుళాయిలో నీళ్లు రావు, అందుకే ఇంటి దగ్గర బయల్దేరినప్పటి నుంచి మళ్లీ ఇంటికి చేరేదాకా నీళ్లు తాగం. డాక్టరు గారు ఆ చీటీలు నా చేతిలో పెట్టి "ఇది నా డిపార్ట్‌మెంట్ కాదండీ" అని నవ్వారు. మర్నాడు కార్పెంటర్‌ని పిలిపించి ఆ ఫ్లోర్ మొత్తం గడియలు వేయించాం, ట్యాంకుకి రెండోసారి మోటారు వేసే పని ఒక మనిషికి అప్పగించాం. అప్పటివరకు నా మొహం కూడా ఎరగని పిల్లలు ఆ వారం నుంచి దారిలో ఆపి చెప్పడం మొదలుపెట్టారు: సార్, ల్యాబ్ దగ్గర స్విచ్ బోర్డు ఊడి వేలాడుతోంది, సార్, బస్సు వెనక డోరు పడట్లేదు. అవగాహన వాళ్లకి ముందునుంచీ ఉంది. చెప్తే ఏమైనా అవుతుందన్న ఆశే లేదు.

కాబట్టి మొదటి నెల ఇదే పని పెట్టుకోండి. ఫిర్యాదు వచ్చాక ఎంత త్వరగా పని అయిందో అందరికీ కనబడాలి. ఒక వాట్సాప్ నంబరు పెట్టండి, ఫొటో తీసి పంపితే చాలు, పేరు రాయక్కర్లేదని చెప్పండి. ఫోన్ వాడని సిబ్బంది కోసం ప్రతి బ్లాకులో అటెండర్ దగ్గర ఒక రిజిస్టరు ఉంచండి. వచ్చిన ప్రతిదానికీ ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా అని రాయండి. అయిపోయాక ముందు ఫొటో, తర్వాత ఫొటో పక్కపక్కన నోటీసు బోర్డులో పెట్టండి. కానివి కూడా పెట్టండి, "మేనేజ్‌మెంట్ అనుమతి కోసం ఆగింది" అని ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలు, కరస్పాండెంట్ గారు ఆ బోర్డు ముందు నుంచి రోజూ నడుస్తారు కాబట్టి ఆ లైనే మీ పని చేసిపెడుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ఫిర్యాదు చేసిన అటెండర్‌ని ఏవో (అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు) గారు పిలిచి "నీకెందుకయ్యా ఇవన్నీ" అన్నారంటే ఆ రోజుతో మీ రిజిస్టరు ఖాళీ. ఈ మాట ప్రిన్సిపాల్ గారితో ముందే మాట్లాడుకోండి.

ప్లాంట్‌లో మేము ఎక్కువ విలువ ఇచ్చింది దెబ్బ తగిలిన ప్రమాదాలకి కాదు, వెంట్రుకవాసిలో తప్పినవాటికి. జారి పడబోయి నిలదొక్కుకున్నాడు, ప్లగ్గులో నిప్పురవ్వ వచ్చి ఆగిపోయింది, ఇలాంటివి. కాలేజీలో వీటిని ఎవరూ చెప్పరు, "ఏం కాలేదుగా" అని వదిలేస్తారు. ఇవి మీ దాకా రావడం మొదలైతే పని దారిలో పడ్డట్టే.

ఇప్పుడు కింది సిబ్బంది సంగతి. మన కాలేజీల్లో వెనక మెట్ల దగ్గర గ్రిల్ గేటు ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. ఎందుకంటే పిల్లలు క్లాసు ఎగ్గొట్టి అటునుంచి పోతారని. ఆ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో రేపు వెళ్లి అడగండి. ఒకరు వాచ్‌మన్ దగ్గరంటారు, వాచ్‌మన్ ఆఫీసులో ఉందంటాడు, ఆఫీసులో గుత్తి నిండా చెవులుంటాయి, ఏది దేనిదో తెలిసిన మనిషి ఆ రోజు లీవు. 1997లో ఢిల్లీ ఉపహార్ థియేటర్లో 59 మంది చనిపోయింది ఎక్కువగా పొగకి ఊపిరాడక, బయటికి వచ్చే దారులు మూసుకుపోవడం వల్ల. 2019 మే నెలలో సూరత్‌లో కోచింగ్ సెంటర్ తగలబడినప్పుడు కిందికి దిగే దారి మంటల్లో చిక్కుకుపోయి పిల్లలు పై అంతస్తు నుంచి దూకారు, 22 మంది పోయారు. ఈ రెండు సంగతులూ వాచ్‌మన్‌కి తెలుగులో, కుర్చీ వేసి కూర్చోబెట్టి చెప్పండి. క్లాసులు జరిగే టైములో తాళం వేయకూడదు, బంక్ కొట్టేవాళ్లని పట్టుకోవాలంటే అక్కడ మనిషిని కూర్చోబెట్టాలి, అంతే. మా మేనేజ్‌మెంట్ దీనికి చాలా రోజులు ఒప్పుకోలేదు. చివరికి ఫైర్ స్టేషన్ నుంచి వచ్చిన ఆఫీసరు గ్రిల్ ముందు నిలబడి "ఇది తెరవండి చూద్దాం" అన్నారు, తెరవడానికి పట్టిన టైములో అందరికీ విషయం అర్థమైంది.

మంటలార్పే సిలిండర్లు అన్ని కాలేజీల్లోనూ ఉంటాయి, తనిఖీ కోసం కాబట్టి. ఒకసారి చుట్టూ తిరిగి చూడండి. బీరువా వెనక ఉంటుంది, లేదా దానికి సెమినార్ బ్యానరు కట్టి ఉంటుంది. ఏబీసీ పౌడర్ సిలిండర్ మీద చిన్న మీటరు ఉంటుంది, ముల్లు ఆకుపచ్చలో ఉండాలి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కి మామూలుగా ఆ మీటరు ఉండదు, తూకం వేసి చూడాల్సిందే, ఈ సంగతి తెలియక "మీటరు ఊడిపోయింది సార్" అని నాకు ఫిర్యాదులు వచ్చాయి. సర్వర్ రూమ్, కంప్యూటర్ ల్యాబ్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ పెట్టండి, పౌడరు కొడితే మంట ఆరుతుంది గానీ మెషీన్లు పాడవుతాయి. దాని గొట్టం చివర ఉండే నల్లటి హారన్‌ని ఉత్త చేత్తో పట్టుకోకూడదు, గ్యాసు వదిలేటప్పుడు చర్మం అంటుకుపోయేంత చల్లబడుతుంది. పిన్ను లాగాలి, మంట మొదలు వైపు గురిపెట్టాలి, హ్యాండిల్ నొక్కాలి, అటూ ఇటూ ఊపాలి. ఈ నాలుగూ చదివితే రావు. గడువు దగ్గరపడి ఎలాగూ రీఫిల్‌కి పంపాల్సిన సిలిండర్లని పంపేముందు గ్రౌండ్‌లో పెట్టి ఆయాలతో, అటెండర్లతో కొట్టించండి, ఒక్క పైసా అదనపు ఖర్చు లేదు. మొదటిసారి పిన్ను లాగడానికే అందరూ భయపడతారు. రెండోసారి నవ్వుకుంటూ చేస్తారు. ఇంకో మాట కూడా చెప్పండి: మంట మనిషి ఎత్తు దాటితే, లేదా గది పొగతో నిండితే, సిలిండర్ వదిలేసి బయటికి రావాలి, వీరత్వం అక్కర్లేదు.

డ్రిల్ గురించి. మొదటిది చెప్పి చేయండి. రెండోది రోజు చెప్పి, టైము చెప్పకండి. బెల్లు మోగగానే లిఫ్టు వైపు వెళ్లేవాళ్లు, బ్యాగు కోసం వెనక్కి వెళ్లేవాళ్లు, వీడియో తీసేవాళ్లు, "ఉత్తుత్తిదే కూర్చోండి" అని పిల్లల్ని ఆపే లెక్చరరు, అందరూ కనిపిస్తారు. తిట్టకండి, రాసుకోండి. గ్రౌండ్‌లోకి వచ్చాక అటెండెన్స్ రిజిస్టరుతో లెక్క చూడాలి, డ్రిల్‌లో అసలు పాయింటు అదే, లోపల ఎవరైనా ఉన్నారా అన్నదానికి ఇంకో దారి లేదు. కాలు విరిగి కట్టు కట్టించుకున్న పిల్లాడు, నడవలేని స్టాఫ్ మెంబరు, నెలలు నిండుతున్న మేడమ్, వీళ్లని ఎవరు దింపుతారో ముందే పేర్లు రాసి ఉండాలి. ఫైర్ సర్వీస్ వారోత్సవాలు ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరుగుతాయి, 1944లో బొంబాయి రేవులో జరిగిన పేలుడులో చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా. ఆ వారంలో మీకు పరీక్షలుండొచ్చు, వాళ్లకి చుట్టుపక్కల అందరూ ఉత్తరాలు రాస్తారు. ఆగస్టులోనో సెప్టెంబరులోనో పిలవండి, తీరిగ్గా వచ్చి చూపిస్తారు.

ల్యాబుల దగ్గరికి వస్తే, లెక్చరర్లు మీతో అనేది "సిలబస్సే అవ్వట్లేదు, సేఫ్టీ ఎక్కడ చెప్పమంటారు" అని. వాళ్లతో వాదించకండి. వైవాలో రెండు మార్కులు సేఫ్టీ ప్రశ్నకి పెట్టించండి. యాసిడ్‌లో నీళ్లు పోయాలా, నీళ్లలో యాసిడ్ పోయాలా? ఎందుకు? కంట్లో పడితే ఎంతసేపు కడగాలి? వర్క్‌షాప్‌లో లేత్ (ఇనుప ముక్కని తిప్పుతూ చెక్కే మెషీను) మీద గ్లవ్స్ ఎందుకు వేసుకోకూడదు? ఏడాదంతా పోస్టరు చూడని పిల్లాడు వైవా ముందురోజు రాత్రి ఇవన్నీ నోటికి పట్టేస్తాడు, సీనియర్ల దగ్గర ప్రశ్నల లిస్టు కూడా తయారవుతుంది. బట్టీయే, ఒప్పుకుంటాను. కానీ కంట్లో చుక్క పడ్డ క్షణంలో ఆ బట్టీయే పనికొస్తుంది: రెప్ప తెరిచిపట్టి కనీసం పదిహేను నిమిషాలు కుళాయి నీళ్లు, ఆ తర్వాతే ఆసుపత్రి. మనవాళ్లు కడగకుండానే బండెక్కించి తీసుకెళ్తారు, దారిలోనే నష్టం జరిగిపోతుంది. (లేత్ సంగతేమిటంటే, ముక్కని బిగించి పట్టుకుని తిరిగే చక్‌లో గ్లవ్ చివర చిక్కితే గుడ్డతోపాటు చెయ్యి కూడా లోపలికి పోతుంది. చున్నీ, జడ, చేతి తాడు, వాచీ, అన్నీ అంతే.)

కెమిస్ట్రీ ల్యాబులో నేను మొదట చూసేవి రెండు. ఫ్యూమ్ హుడ్ (విషపు గ్యాసుల్ని బయటికి లాగేసే గాజు తలుపు పెట్టె) లోపల ఏముంది? సామాన్యంగా పాత రికార్డులు, విరిగిన స్టాండ్లు. సాల్ట్ అనాలిసిస్‌లో (ఇచ్చిన లవణం ఏదో కనుక్కునే ప్రయోగంలో) హైడ్రోజన్ సల్ఫైడ్ వాడేచోట ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ గ్యాసు గాఢత పెరిగితే ముక్కు వాసన పట్టడం మానేస్తుంది, కుళ్లిన గుడ్డు వాసన ఆగింది కదా అని గ్యాసు పోయిందనుకుంటారు. రెండోది, కూల్‌డ్రింక్ సీసాలు. పెద్ద క్యాన్ నుంచి యాసిడ్ కొంచెం కొంచెం పోసుకోవడానికి ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు వాడే అలవాటు చాలాచోట్ల ఉంది, లేబుల్ ఉండదు, చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. కొత్తగా చేరిన స్వీపర్‌కి అది యాసిడ్ అని ఎలా తెలుస్తుంది? మీ కమిటీ మొదటి వారంలో చేయగలిగినవాటిలో ఖర్చులేనిది, ప్రాణాలు కాపాడేది ఈ సీసాలు ఏరి పారేయడం. బాత్రూములు కడిగే యాసిడ్ విషయంలో కూడా అదే రూలు, పైగా దాన్ని బ్లీచింగ్‌తో కలపకూడదని ఆయాలకి చెప్పండి. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. కళ్లు మండి దగ్గు వస్తే "మందు బాగా పనిచేస్తోంది" అనుకునేవాళ్లని చూశాను.

హాస్టల్ ఉంటే అది వేరే ప్రపంచం. రూముల్లో హీటర్ రాడ్లు, కెటిల్స్, ఇండక్షన్ స్టవ్‌లు నిషేధం అని బోర్డు ఉంటుంది, ప్రతి రూములోనూ ఒకటి ఉంటుంది. వార్డెన్ వస్తే బకెట్‌తో సహా మంచం కిందికి తోసేస్తారు, కొన్నిసార్లు స్విచ్ ఆపకుండానే. నా అభిప్రాయం ఇది: చలికాలం వేడినీళ్లు ఇవ్వకుండా రాడ్లు పట్టుకోవడం వల్ల దాచడమే నేర్చుకుంటారు. సోలార్ అయినా, గీజర్ అయినా, పొద్దున రెండు గంటలు వేడినీళ్లు వచ్చేలా చూడండి, ఆ తర్వాత రాడ్లు అడిగితే వాళ్లే తెచ్చి ఇస్తారు. ఎలక్ట్రీషియన్‌ని ఒక ప్రశ్న అడగండి: ఎంసీబీ ఉందా అని కాదు, ప్రతి ఫ్లోర్‌కీ 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా అని. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది. మనిషికి షాక్ కొట్టినప్పుడు కరెంటు కట్ చేసేది ఆర్‌సీసీబీ. దాని మీద టెస్ట్ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కితే స్విచ్ పడిపోయి కరెంటు ఆగిపోవాలి. నొక్కమంటే "పిల్లలు గోల చేస్తారు సార్" అంటాడు ఎలక్ట్రీషియన్, మీరు పక్కన నిలబడి నొక్కించండి.

మెస్‌లో అసలు సమస్య శుభ్రత కంటే టైము. పదకొండింటికి వండిన అన్నం, సాంబారు రెండున్నరకి వడ్డిస్తే, మిగిలింది రాత్రికి పులిహోర అయితే, అక్కడే కడుపునొప్పులు మొదలవుతాయి. అన్నంలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా విడిచే విషం మళ్లీ వేడిచేసినా పోదు. రెండు విడతలుగా వండించండి. ఓవర్‌హెడ్ ట్యాంకు కడిగిన తేదీ ట్యాంకు మీదే పెయింటుతో రాయించండి. గ్యాసు వాసన వస్తే లైటు వేయకూడదు, ఫ్యాన్ కూడా వేయకూడదు, వేసి ఉన్నది ఆపకూడదు కూడా. ఎల్‌పీజీ గాలి కన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది, తలుపులు తీయాలి, రెగ్యులేటర్ కట్టేయాలి, గ్యాసు లీకు ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయాలి. ఈ నంబరు వంటగది గోడ మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి, వార్డెన్ డైరీలో కాదు. దోమల విషయం అందరికీ తెలిసిందే కాబట్టి ఒక్క ముక్కే చెప్తాను, డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలో పెరుగుతుంది, గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయించే డ్రైడే పనిచేస్తుంది, కూలర్ అడుగున ట్రే, టెర్రస్ మీద పాత టైర్లు, పూలకుండీల కింద పళ్లేలు మర్చిపోకండి.

హెల్మెట్. ఇక్కడ నాకు కొంచెం కోపం వస్తుంది, ఏమనుకోకండి. "నో హెల్మెట్ నో ఎంట్రీ" అని గేటు దగ్గర బోర్డు పెడతాం, పిల్లలు ఎదురుగా ఉన్న టీకొట్టులో హెల్మెట్ వేలాడదీసి పెట్టుకుంటారు, గేటు ముందు తగిలించుకుని లోపలికి వచ్చి తీసేస్తారు. వాళ్లని అనేముందు స్టాఫ్ పార్కింగ్ చూడండి. హెచ్ఓడీ గారు ఉత్త తలతో లోపలికొస్తుంటే, వాచ్‌మన్ సెల్యూట్ కొడుతుంటే, పిల్లాడికి అర్థమయ్యేది ఒకటే. ఏ రూలైనా మొదటి నెల స్టాఫ్‌కి మాత్రమే పెట్టండి, పిల్లల జోలికి వెళ్లకండి, వాళ్లు చూస్తారు. 2019 సవరణ తర్వాత చట్టంలో హెల్మెట్ లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్స్ రద్దు దాకా ఉంది. అదే సవరణలో ఇంకో మంచి సెక్షన్ ఉంది, పిల్లలకి అది చెప్పండి: రోడ్డు మీద పడ్డవాళ్లకి సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, ఇష్టం లేకపోతే పేరు కూడా చెప్పక్కర్లేదు. "పోలీసు గొడవ మనకెందుకు" అని ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

టూర్ల దగ్గర మాత్రం రూలు కఠినంగానే ఉండాలి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. నీళ్లు తక్కువగా ఉన్నాయని ఫొటోల కోసం రాళ్ల మీదికి దిగారు, పైన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. డ్యామ్ కింద ఉన్న నది ఎంత నిశ్శబ్దంగా ఉన్నా నిమిషాల్లో పెరుగుతుందన్న విషయం ఈతకి సంబంధించింది కాదు, ఈత వచ్చినవాళ్లు కూడా పోతారు. సముద్రం దగ్గర కూడా, అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే పట్టీ ఉంటుంది చూడండి, చాలాసార్లు లోపలికి లాగే ప్రవాహం అక్కడే ఉంటుంది, తెలియనివాళ్లు సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు పోరాడకూడదు, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదాలి. మా దగ్గర రూలు ఒకటే: ప్రోగ్రామ్‌లో రాసి లేని నీళ్ల దగ్గర బస్సు ఆగదు. డ్రైవర్‌కి రాతపూర్వకంగా ఇస్తాం, ఎందుకంటే దారిలో పిల్లలు బతిమాలేది అతన్నే.

ఫస్ట్ ఎయిడ్‌లో కొత్తవి నేర్పించడం కంటే పాతవి మాన్పించడం కష్టం. కాలిన చోట టూత్‌పేస్ట్, పసుపు, సిరా రాయడం. ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య స్పూన్ దూర్చడం. పాము కరిస్తే గట్టిగా తాడు కట్టడం, బ్లేడుతో కోయడం. కాలితే ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్లు. ఫిట్స్ వస్తే చుట్టూ తగిలేవి తీసేసి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, టైము చూసుకోవాలి, ఐదు నిమిషాలు దాటితే 108. పాము కరిస్తే కదలకుండా ఉంచి, కట్టు కట్టకుండా, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న ప్రభుత్వాసుపత్రికి. కాలేజీ పొలాల మధ్య ఉంటే ఆ ఇంజెక్షన్ దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో ముందే కనుక్కుని నంబరు రాసి పెట్టుకోండి. అప్పటికప్పుడు వెతకడం కుదరదు. గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఐదారు సెంటీమీటర్ల లోతు నొక్కాలి, ఇది బొమ్మ మీద చేతులు పెట్టి నేర్చుకోవాల్సిందే. రెడ్‌క్రాస్ వాళ్లని అడగండి. ఎన్‌ఎస్‌ఎస్ పిల్లలతో పాటు ప్రతి బ్లాకు నుంచి ఇద్దరు అటెండర్లని తప్పకుండా కూర్చోబెట్టండి. పొద్దున అసెంబ్లీలో కళ్లు తిరిగి పడిపోయే అమ్మాయిలు ప్రతి కాలేజీలో ఉంటారు, టిఫిన్ తినకుండా రెండు బస్సులు మారి వస్తారు, పైగా మన దగ్గర సగానికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది. క్యాంటీన్ ఎనిమిదింటికి తెరిపించండి, ఇంకో క్యాంపు పెట్టడం కన్నా అది మేలు.

మనసు సంగతి రాయకపోతే ఈ సమాధానం సగమే. 2025 జులైలో విశాఖలో చదువుకుంటున్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది: వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, స్టాఫ్‌కి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. మీ మేనేజ్‌మెంట్ ఖర్చు అంటే ఈ కాగితం చూపించండి. కౌన్సెలర్ గది మాత్రం ప్రిన్సిపాల్ ఛాంబర్ పక్కన పెట్టొద్దు, ఎవరూ వెళ్లరు. వార్డెన్లకి, బస్సు డ్రైవర్లకి, మెస్ అక్కలకి ఒక్కటే నేర్పండి, ఎప్పుడూ నవ్వే పిల్ల వారం నుంచి తినడం మానేస్తే, వస్తువులు పంచిపెట్టేస్తుంటే, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలంటుంటే, ఊరుకోకూడదు. చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడిగితే ఆ ఆలోచన పుట్టించినట్టు అవుతుందని చాలామంది భయపడతారు, అది నిజం కాదు, అడిగితే చాలాసార్లు బరువు దిగుతుంది. అడిగాక ఒంటరిగా వదలకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. రిజల్ట్స్ వచ్చే రోజు, ఆ రాత్రి, హాస్టల్లో అదనంగా మనుషులుండాలి. ర్యాగింగ్‌కి యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, ఐడీ కార్డు వెనక అచ్చు వేయిస్తే అందరి దగ్గరా ఉన్నట్టే.

చివరగా మీరు అడిగిన బడ్జెట్ సంగతి. పైన చెప్పినవాటిలో ఎక్కువ డబ్బు కావాల్సినవి ఆర్‌సీసీబీలు, కౌన్సెలర్ జీతం, వేడినీళ్లు. మిగతావి చాలావరకు మనుషుల టైము. మేనేజ్‌మెంట్‌ని ఒకేసారి అన్నీ అడగకండి, నాకు పనిచేసిన పద్ధతి ఏమిటంటే నెలకి ఒక్కటే అడగడం, ఫొటోతో, కొటేషన్‌తో, ఒకే పేజీలో, "కాదంటే కాదని ఇక్కడ రాసి సంతకం పెట్టండి సార్" అని కింద ఒక గడి గీసి. ఆ గడిలో సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం ఫైలు ఎలాగూ కావాలి కాబట్టి రిజిస్టరు, డ్రిల్ లెక్కలు, ఫొటోలు తేదీలతో దాచండి. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం వస్తుంది, ఆ రోజు ప్రతిజ్ఞ చేయించి వదిలేయకుండా మీ నోటీసు బోర్డు ఫొటోలే ప్రదర్శన పెట్టండి, గడియ బిగించిన కార్పెంటర్‌ని, గ్రిల్ దగ్గర కూర్చునే వాచ్‌మన్‌ని స్టేజీ మీదికి పిలిచి మైకు ఇవ్వండి.

మీది ఏ ఊరు, హాస్టల్ ఉందా, కెమిస్ట్రీ, వర్క్‌షాప్ ల్యాబులు ఉన్నాయా అన్నది రాయలేదు. కింద చెప్తే మొదటి నెల ఏవి ముందు పట్టుకోవాలో వరస రాసిపెడతాను.